టొక్కు పుట్టిన చోటు

బొగ్గుబాయిలో బండ పడి ముత్యం చనిపోయిన పదకొండో రోజున, గోదావరిఖని చౌరస్తాలో చాయ్ తాగుతూ అంజి ఆ మాట మొదటిసారి విన్నాడు.

బాయిలో ఇంకా పర్మనెంటు కాని పాతికేళ్ల బదిలీ వర్కరు ఒకడు లారీ వస్తున్నా చూడకుండా రోడ్డుకు అవతలి నుంచి ఇటు ఉరికి వచ్చాడు. లారీ డ్రైవరు బ్రేకు తొక్కి, తల బయటపెట్టి తిట్టిపోశాడు. హోటల్ బెంచీ మీద కూర్చున్న నలుగురిలో ఒకడు చేతిలోని గ్లాసు కింద పెట్టకుండానే, “ఏందిరో, ముత్యం పోకడ పోతున్నవ్?” అన్నాడు.

అందరూ నవ్వారు. ఉరికి వచ్చినవాడు కూడా ఆయాసపడుతూనే నవ్వాడు.

“గంత జల్ది ఏం లేదు తియ్యే. నాకింక పెండ్లే కాలే.”

మళ్లీ నవ్వారు. ఆ నలుగురిలో ఇద్దరు ముత్యం పాడె మోసినవాళ్లే. అందులో ఒకడు కాష్ఠం దగ్గర కూలబడి ఎక్కెక్కి ఏడ్చాడు, అంజే నీళ్లు తాగించాడు. చెడ్డవాళ్లేం కాదు. పదకొండు రోజుల్లో ఏడుపు తీరింది, మాట మిగిలింది.

అంజి గ్లాసులో సగం చాయ్ అట్లాగే వదిలేసి లేచాడు. మరో పదిమంది ఆ మాట వింటే, మందమర్రికి పోయే బస్సులో ఒకడు అంటాడు. కాసిపేటలో ఎవరో పెళ్లిపందిట్లో అంటారు. ఏడాది తిరిగేసరికి ముత్యం ఎవరో తెలియని పిల్లలు అంటారు. ఆ దారి అంతా అంజికి తెలుసు. అతను నడిచి వచ్చిన దారే అది.

*

ఈ బొగ్గుబాయిల చుట్టూ ఉన్న ఊళ్లలో టొక్కు అంటే తెలియనివాళ్లు లేరు.

బయటివాళ్లకు చెప్పాలంటే ఎగతాళి అని చెప్పాలి. కాని ఎగతాళిలో కొంత చనువుంటుంది, బావామరదళ్లు కూడా చేసుకుంటారు. వెటకారమైతే ఎదుటివాడు తిరిగి ఒక మాట అనడానికి సందుంటుంది. టొక్కుకు నోరే అక్కర్లేదు. దగ్గరున్న దేన్నయినా, బల్లనో, టిఫిన్ డబ్బానో, మోటారు సైకిల్ ట్యాంకునో, వేలి కణుపుతో మూడుసార్లు కొట్టి చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంటే చాలు. అన్నీ నీకే ఎరుకనా, పాణం నీకొక్కనికే తీపా అని దాని అర్థం. కోపానికి వస్తే ఇంకా నవ్వుతారు. ఊరుకుంటే ఎల్లకాలం నవ్వుతారు.

హెల్మెట్ పెట్టుకొని కూరగాయలకు పోయినవాడికి టొక్కు పెడతారు. గ్యాస్ బుడ్డి కట్టేశానో లేదోనని వాకిట్లోంచి వెనక్కి వెళ్లిన కోడలికి అత్త పెడుతుంది. బడిలో, జవాబు రాసి మళ్లీ ఒకసారి చూసుకునే పిల్లకు పక్క పిల్ల పెడుతుంది. “టొక్కు పెట్టకే!” అని కాలనీ కుళాయిల దగ్గర రోజూ వినబడుతుంది. ఎక్కడిదీ మాట అని అడిగితే, ఎప్పటి నుంచో ఉన్నదే అంటారు.

ఎప్పటి నుంచో ఏమీ కాదు. ముప్పై రెండేళ్ల కింద పుట్టింది. అంజి తండ్రి సదయ్య మీద పుట్టింది.

సదయ్య బాయిలో పైకప్పుకు దుంగలు నిలబెట్టే పని చేసేవాడు. దుంగ నిలబెట్టే ముందు కప్పు తట్టి చూడాలి. కుడిచేత్తో కట్టె పట్టుకొని తడుతూ, ఎడమచేతి వేళ్లను బండకు ఆనించి పెట్టేవాడు. గట్టి బండయితే కట్టె ఖంగుమంటుంది. లోపల పొర విడిచిన బండయితే, బీటపడ్డ కుండను కొట్టినట్టు డొల్లగా మోగుతుంది, వేళ్లకు సన్నని వణుకు తగులుతుంది. తట్టే మనిషి వెనక ఇంకొక మనిషి నిలబడి “ఏమంటుంది?” అని అడుగుతాడు. ముందున్నవాడు జవాబు చెప్పేదాకా వెనకవాడు కాలు కదపడు. కాగితాల మీద ఎట్లా ఉన్నా, లోపల నడిచే పద్ధతి ఇదే. ఇప్పుడు దుంగల బదులు బోల్టులు వచ్చినా ఆ అడగడం పోలేదు.

ఒక నెల ఆఖరి రోజున, ఇంకో నలభై టబ్బుల బొగ్గు తీస్తే సదయ్య వాళ్ల జట్టుకు ఆ నెల పందెం దక్కేది. గెలిచిన జట్టులో మనిషికో గోడగడియారం ఇస్తామన్నారు. పొద్దున పది గంటలకు సదయ్య కప్పు తట్టి, “డొల్ల. అందరు ఎనుకకు రాండ్రి” అన్నాడు. మాట తీసేయడానికి లేదు. యాభైమంది పని ఆపి వెనక్కి వచ్చి కూర్చున్నారు. పని చూసే సర్దార్ వచ్చాడు, అతని పైవాడు ఓవర్‌మన్ వచ్చాడు, ఎవరు తట్టి చూసినా ఒకరికి గట్టిగా, ఒకరికి డొల్లగా వినబడింది. షిఫ్టంతా అట్లాగే పోయింది. బండ పడలేదు. తెల్లారీ పడలేదు. దుంగలు పెట్టుకొని ఆ కప్పు కిందే ఇంకో నెల పని చేశారు, చిన్న పెంకు కూడా రాలలేదు. గడియారాలు పక్క జట్టువాళ్ల గోడలకు ఎక్కాయి.

టబ్బులు నింపేవాళ్లలో అలీముద్దీన్ అని ఒకడుండేవాడు. నలుగురు చేరితే నవ్వించకుండా ఉండలేని మనిషి. మూడోరోజు పొద్దున ల్యాంపు రూములో సదయ్య లైటు తీసుకోవడానికి వస్తుంటే, అతను బల్లను వేలితో మూడుసార్లు కొట్టి, చెవి దగ్గర చెయ్యి పెట్టుకొని, “ఉరుకుండ్రి! బల్ల మాట్లాడుతున్నది!” అన్నాడు.

ల్యాంపు రూము రూమంతా నవ్వింది. గడియారం పోయిన కడుపుమంటకు ఆ నవ్వు మందులా పనిచేసింది. మర్నాడు ఇంకొకడు కొట్టాడు. వారంలోపల మాటలు పోయి కొట్టడం ఒక్కటే మిగిలింది, దానికి టొక్కు అని పేరు పడింది. సదయ్య పెద్ద బిడ్డ పెళ్లిలో ఎవడో అన్నం గంజు మీద కొట్టాడు. సదయ్య తల్లి పోయినప్పుడు పాడె కడుతూ వెదురు మీద ఒకడు కొట్టాడు. ముసిముసి నవ్వులు దాచుకోవడానికి అందరూ తలలు వంచుకున్నారు. పదేళ్ల అంజి ఆ తలలన్నీ చూశాడు.

రెండేళ్లకు సదయ్య దవాఖానకు పోయి, “నాకు చెవులు ఇనవడ్తలేవు” అని చెప్పాడు. ఎన్ని పరీక్షలు చేసినా అదే మాట మీద ఉన్నాడు. లోపలి పని నుంచి తీసి పైన దుంగల యార్డులో వేశారు. బాయి మొత్తంలో అంత మంచి చెవులున్న మనిషి రిటైరయ్యేదాకా చెవిటివాడుగానే బతికాడు. ఇంట్లోనూ అంతే. ఎవరు పిలిచినా పలికేవాడు కాదు. ఒకసారి మాత్రం, వెనక పొయ్యి మీద పాలు పొంగుతున్న చప్పుడుకు గభాల్న తల తిప్పాడు. భార్య సారలమ్మ చూసింది. పాలు దించి, ఎప్పటిలాగే అతని భుజం తట్టి, సైగ చేసి అన్నానికి పిలిచింది.

ఎనిమిదేళ్ల కింద సదయ్య పోయాడు. అప్పటికే టొక్కుకు అతనితో పని లేకుండా పోయింది.

*

మర్నాడు దినాల భోజనాలకు అంజి సెంటినరీ కాలనీకి వెళ్లాడు. ముత్యం క్వార్టరు ముందు చిన్న టెంటు వేశారు. ముత్యం తల్లి ఐలవ్వ గోడకు ఆనుకొని కూర్చుని, వచ్చినవాళ్లనల్లా తిన్నారా అని అడుగుతోంది. ఆమెకు చూపు మందగించింది, వినికిడీ అంతే. కొడుకు పోయాడన్నది తెలుసు. ఎట్లా పోయాడో ఎవరు చెప్పినా సగమే తలకెక్కింది.

ముత్యం భార్య దీప అంజిని వెనక వాకిట్లోకి పిలిచింది. ముత్యం, అంజి ఒకరినొకరు బావా అని పిలుచుకునేవారు కాబట్టి ఆమె ఇతనికి చెల్లె.

“అన్న, ఒక్క మాట అడుగుత. అబద్ధం చెప్పకు.”

“అడుగు చెల్లె.”

“నిన్న సహస్ర బడి నుంచి అచ్చి అడుగుతుంది. అమ్మా, ముత్యం పోకడ అంటే ఏందే అని. బెల్లు గొట్టంగనే ఉరికిందట. ఎవతో పిల్ల అన్నదట, దాని నాయిన పేరని ఆ పిల్లకు గూడ ఎరుక లేదట. నేనేం చెప్పాలె దానికి?”

అంజి కుళాయి వైపు చూశాడు. తొమ్మిదేళ్ల సహస్ర అక్కడ గిన్నెలు కడిగే ఆడవాళ్ల మధ్య నిలబడి, తోమిన గ్లాసులు ఒకదాంట్లో ఒకటి పేరుస్తోంది.

“పేపర్ల గూడ రాసిండ్రు. తొందరపడి తనంతల తానే పోయిండని” అంది దీప. “పదహారేండ్లు కాపురం చేసిన నేను. బండి తియ్యాలంటె టైర్లు రెండు తొక్కిచూసే మనిషి ఆయన. నువ్వక్కడనే ఉన్నవు గదా అన్న. ఆయన నిజంగనే గట్ల పోయిండా?”

“నేను… నేనటు మొఖాన లేను చెల్లె. చూస్తనే లేను.”

దీప అతని ముఖంలోకి కాసేపు చూసి, “సరే తియ్” అని లోపలికి పోయింది.

ఆ రోజు అంజి ముఖం అటే ఉంది.

మొదటి షిఫ్టు అది. కప్పు తట్టి చూసే పని ఇప్పుడు అంజిది, వెనక నిలబడి అడిగే పని ముత్యానిది. పొద్దున ల్యాంపు రూములో అంజి సర్దార్ భూపాల్‌ను ఇంకో నాలుగు బోల్టులు ఎక్కువ అడిగాడు. భూపాల్ కౌంటరు చెక్క మీద టక్ టక్ టక్‌మని కొట్టి, “అయ్య బుద్ధి యాడికి పోతది!” అన్నాడు. పదిహేను మంది నవ్వారు. వాళ్లలో ముత్యం కూడా ఉన్నాడు. చెడుగా ఏం నవ్వలేదు. అందరూ నవ్వుతుంటే అతనికీ నవ్వొచ్చింది, అంతే. అంజికి అది చెమటలో ఉప్పులా రోజూ తగిలేదే. అయినా ఆ పూట ఎందుకో లోపలికి దిగేదాకా ఎవరి ముఖమూ చూడలేదు.

లోపల, కొత్తగా బయటపడ్డ కప్పును అంజి కట్టెతో తట్టాడు. మొదట గట్టిగానే మోగింది. ఎడమ మూలకు పోయేసరికి మోత మారింది. మళ్లీ తట్టాడు. వేళ్లు ఆనించాడు. సన్నని వణుకు. చిన్నప్పుడు తండ్రి తనకు రేకు డబ్బా మీద, మట్టికుండ మీద నేర్పించిన వణుకు.

భూపాల్ ఇరవై గజాల దూరంలో, ఇంకో ఇద్దరితో మాట్లాడుతున్నాడు. డొల్ల అంటే చాలు, అందరూ పని ఆపి వెనక్కి రావాలి. బండ పడితే సరే. పడకపోతే? సాయంత్రం ల్యాంపు రూములో ఎవరి వేలు ముందు లేస్తుందో, చాయ్ హోటల్లో ఎవరు గ్లాసు మీద కొడతారో, ఇంటర్ చదివే కొడుకు చెవిన ఎవరు వేస్తారో, అన్నీ అంజి కళ్ల ముందు వరసగా కనబడ్డాయి.

“ఏమంటుంది బావా?” అని వెనక నుంచి ముత్యం అడిగాడు.

“మంచిగనే ఉంది” అన్నాడు అంజి.

తర్వాత ఉన్న బోల్టులతోనే ఆ మూల గట్టి చేద్దామనుకున్నాడు. ముందు కుడివైపు రెండు వేసి అటు పోదామనుకున్నాడు. ముత్యం డ్రిల్లు మోసుకొని ఎడమ మూలకు పోతుంటే, చెబుదామా అని నోరు తెరిచి, మంచిగుందని అని మళ్లీ వద్దంటే ఇంకా నవ్వుతారేమోనని మూశాడు. మొదటి బోల్టు సగం ఎక్కింది. బండ మళ్లీ ఏ హెచ్చరికా ఇవ్వలేదు. పెద్ద తలుపు మూసినట్టు ఒక్క చప్పుడు, దుమ్ము, ఆ తర్వాత ముత్యం టోపీ లైటు ఒక్కటే కింద నుంచి గోడ మీద పడుతూ కనిపించింది.

పైకి వచ్చాక భూపాల్ రాసి ఇచ్చాడు. నేను ఆగమన్నాను, వినకుండా తొందరపడి పోయాడు అని. అంజి చేత కింద సంతకం పెట్టించాడు.

*

“ఎల్లుండి ఎంక్వయిరీ” అన్నాడు భూపాల్. అంజిని తన మోటారు సైకిల్ మీద ఎక్కించుకొని తీసుకుపోతూ, దారిలో ఆపి మరీ చెప్పాడు. “హైదరాబాద్ నుంచి ఎవలో కొత్తాయన అస్తున్నడు. ముత్యమే తనంతల తాను పోయిండని రాసినం, గదే చెప్పు. ఇంకో ముచ్చట తియ్యకు.”

“దీప అడిగిందన్న. పిల్లను బళ్లె ఎక్కిరిస్తున్నరట.”

“అరే, ఎన్నొద్దులు ఎక్కిరిస్తరు? ఇను. దీపకు కొలువు ఎట్లయిన అస్తది. తప్పు ఎవలదైనా అస్తది. సచ్చినోని నౌకరి పోదురా, బతికున్నోళ్లదే పోతది. నాకిద్దరు బిడ్డలు. నీకో కొడుకు. ముత్యంది పోయేది పేరొక్కటే గదా.”

“అవ్. పేరొక్కటే” అన్నాడు అంజి.

భూపాల్‌కు ఆ గొంతులో ఏదో నచ్చలేదు. బండి ట్యాంకు మీదికి అలవాటుగా వేలు పోయింది. కొట్టబోయి, అంజి ముఖం చూసి మానుకున్నాడు.

మర్నాడు అంజి ఆర్టీసీ బస్టాండు వెనక ఉన్న బండ్ల రిపేరు షెడ్డుకు పోయాడు. తాబిష్ అనే మెకానిక్‌ది అది. అతని తండ్రి అలీముద్దీన్ రోజంతా అక్కడే, పాత టైర్ల మీద కూర్చుంటాడు. డెబ్భై ఐదేళ్లు దాటాయి. నవ్వించడం ఎప్పుడో మానేశాడు. అంజి అతనితో ఎన్నడూ పది మాటలు మాట్లాడలేదు.

“కాకా, ముత్యం పోకడ అంటున్నరు. ఇన్నవా?”

“ఇన్న బేటా. మొన్న ఈ షెడ్డులనే అన్నరు.”

“అది ఎట్ల ఆగుతది?”

లోపల తాబిష్ ఏదో నట్టు విప్పుతూ ఇటు చూశాడు.

“నేను ఒక్కసారే కొట్టిన” అన్నాడు ముసలాయన. “ఖుదా కసం, ఒక్కటే సారి. నవ్వుతరని కొట్టిన, నవ్విండ్రు, అయిపోయింది అనుకున్న. మీ నాయిన చెవులు పోయినయన్ననాడు నాకు భయమైంది. గప్పటి సంది కనవడ్డోనికల్ల చెప్పిన, వద్దుర భయ్, గలత్ అయితున్నది అని. ఒకసారి బస్టాండుల ఒక పోరని కాలర్ పట్టుకున్న. వాడేం చేసిండు ఎరుకనా? బస్సు రేకు మీద కొట్టి, నాకే టొక్కు పెట్టిండు.”

“నాయిన చెప్పింది నిజమేనా కాకా? ఆ బండ డొల్లనేనా?”

“ఎవలకెరుక? మేమున్నన్నొద్దులు పడలే. ఆ దిక్కంత ఇసుక నింపి మూసేసిండ్రు. ఇగ ఎన్నడు తెల్వది.” అతను అంజి మణికట్టు పట్టుకున్నాడు. “మాట కొత్తగున్నప్పుడే దాని కాళ్లు విరగ్గొట్టాలె బేటా. పిలగాండ్ల నోట్లకు పోయిందంటే అయిపోయింది. నీకు ఏమన్న ఎరుకుంటె జల్ది చెప్పు. నాలెక్క కూసోకు.”

అంజికి ఎరుకున్నదేమిటో అతను అడగలేదు.

*

ఎంక్వయిరీ గదిలో ముగ్గురే ఉన్నారు. విచారణ చేసే అధికారి, కంప్యూటరు ముందు టైపు చేసే హర్షిణి అనే అమ్మాయి, ఎదురుగా అంజి. ఉక్కగా ఉందని కిటికీ రెక్కలు తెరిచిపెట్టారు. బయట అరుగు మీద భూపాల్, షిఫ్టువాళ్లు వంతు కోసం నిలబడి ఉన్నారు.

అధికారి మర్యాదగానే అడిగాడు. “పైకప్పును మీరే తట్టి చూశారా?”

“నేనే చూసిన సార్.”

“ఎట్లా ఉంది?”

“ఎడమ మూలకు డొల్లగుంది.”

టైపు ఆగింది. అధికారి ముందున్న కాగితం ఒకసారి, అంజి ముఖం ఒకసారి చూశాడు.

“మీ సంతకం ఉన్న దాంట్లో అట్లా లేదే.”

“లేదు సార్. గదంత అబద్ధం. ముత్యం తనంతల తాను పోలే. ఏమంటుందని నన్ను అడిగిండు. మంచిగనే ఉందని చెప్పిన. గప్పుడు పోయిండు.”

“డొల్లగా ఉందని తెలిసీ బాగుందని చెప్పారా? ఎందుకు?”

అంజి చేతులు మోకాళ్ల మధ్య పెట్టుకున్నాడు.

“టొక్కు పెడతరని సార్.”

“అంటే?”

అంజి హర్షిణి వైపు చూశాడు. ఆ అమ్మాయి ఇక్కడిదే. ఎర్రబడ్డ ముఖంతో, “ఎగతాళి సార్” అంది.

“గంత చిన్నది కాదు బిడ్డా” అన్నాడు అంజి.

అప్పుడు చెప్పాడు. తండ్రి పేరు చెప్పాడు, నలభై టబ్బులు, గడియారాలు, ల్యాంపు రూము బల్ల, పాడె వెదురు అన్నీ చెప్పాడు. వినబడుతున్న మనిషి ఇరవై ఏళ్లు వినబడనట్టు బతకడం ఎట్లా ఉంటుందో చెప్పబోయి, సగంలో వదిలేశాడు. ఇంటర్ చదివే తన కొడుకు కాలేజీలో తాత పేరు చెప్పడని చెప్పాడు. అధికారి మధ్యలో ఆపలేదు. హర్షిణి మాత్రం టైపు చేయడం మానేసి, బల్ల మీదున్న తన వేళ్లను దగ్గరికి ముడుచుకుంది. ఆ పొద్దున్నే, రెండుసార్లు తాళం లాగి చూసిన చెల్లెలికి ఆమె తలుపు మీద టొక్కు పెట్టి వచ్చింది.

“ఇదంతా నేను కారణంగా రాయలేనయ్యా” అన్నాడు అధికారి చివరికి. గొంతు మెత్తగానే ఉంది. “నవ్వుతారని చెప్పలేదంటే… పైన చదివేవాళ్లకు అది కారణం లాగా కనబడదు. తెలిసీ తప్పుడు జవాబు ఇచ్చాడనే రాయాలి. మీకు అర్థమవుతోందా?”

“రాయుండ్రి సార్. ముత్యం అడిగిండన్నది మాత్రం రాయుండ్రి. అడిగినంకనే పోయిండని.”

“అది రాస్తాను.”

రాయించాడు. చదివి వినిపించాడు. ఒక పేజీలో సగం వచ్చింది. అందులో సదయ్య లేడు, టొక్కు లేదు. ముత్యం అడిగాడన్న ముక్క ఉంది. అంజి సంతకం పెట్టాడు.

బయటికి వస్తే అరుగు మీదివాళ్లు పక్కకు జరిగి దారి ఇచ్చారు. కిటికీలోంచి అంతా విన్నారని తెలుస్తూనే ఉంది. భూపాల్ పళ్లు బిగబట్టి, “అందర్ని ముంచినవ్ గదరా” అని మాత్రం అన్నాడు. అంజి మెట్లు దిగాడు. గేటు దాకా పోయాక వెనక నుంచి ఎవరిదో గొంతు, సన్నగా సాగదీసి వినబడింది.

“ఏమంటుంది బావా?”

“మంచిగనే ఉంది!” అని ఇంకొక గొంతు.

నవ్వు పెద్దగా ఏం రాలేదు. ఇద్దరో ముగ్గురో నవ్వారు. అంజి తిరిగి చూడలేదు.

*

కాలనీకి చేరేసరికి మూడు దాటింది. వేరేవాళ్లు చెప్పకముందే తానే చెప్పాలని ఎండలో నడిచి వచ్చాడు. ఫోన్లున్న ఊరు కదా, దీపకు అప్పటికే తెలిసింది. వాకిట్లో నిలబడి ఉంది. సహస్ర ఆమె పక్కన నిలబడి జడ చివర నోట్లో పెట్టుకొని నములుతోంది. లోపల గోడ వారగా ఐలవ్వ కూర్చుని ఉంది.

అంజి గడప బయటే ఆగాడు.

“ఎంతసేపు?” అంది దీప.

“ఏంది చెల్లె?”

“నువ్వు మంచిగుందన్నకాడ్నుంచి బండ పడేదాంక. ఎంతసేపు?”

అంజి లెక్కవేసుకోవలసిన పని లేదు. పద్నాలుగు రోజులుగా అదే లెక్క.

“పది నిమిషాలు.”

“పది నిమిషాలు నీ ముంగటనే ఉన్నడు.”

“ఉన్నడు.”

“ఏమన్న మాట్లాడిండా?”

“డ్రిల్లు కొత్తది ఇస్తే మంచిగుండు అన్నడు. సహస్రకు ఎల్లుండి బళ్లె వార్షికోత్సవం ఉన్నది, షిఫ్టు మార్చుకుంటవా అన్నడు. మార్చుకుంట అన్న.”

దీప తల ఊపింది. ఆ ముక్కలు ఎవరూ ఆమెకు ఇంతవరకు తెచ్చి ఇవ్వలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకొని, కొంతసేపటికి తీసి, కూతురి భుజం మీద చెయ్యి వేసింది.

“మీ నాయిన అడిగి పోయిండు బిడ్డా. ఉరుకలే. అడిగి, చెప్పినంకనే పోయిండు. బళ్లె ఎవతన్న అంటె గదే చెప్పు.”

“ఎవలు చెప్పిండ్రు పొమ్మని?” అంది సహస్ర.

పిల్ల తల్లి ముఖం చూసింది, తర్వాత అంజిని చూసింది. చూపు తిప్పుకోలేదు.

“ఎవలచ్చిండ్రే?” అని వాకిట్లోని నీడను పోల్చుకొని లోపలి నుంచి ఐలవ్వ కేకేసింది. “అంజేనా? బయటనే నిలవెట్టినవేందే? రా బిడ్డా, లోపలికి రా. ఎండల వడి అచ్చినట్టున్నడు. దీపా, అన్నం పెట్టు. మా ముత్యం ఉంటె తినకుంట పోనిస్తుండెనా?”

ఎవరూ కదల్లేదు.

“అన్నం పెట్టే అంటె!” అంది ముసలమ్మ ఇంకా గట్టిగా.

దీప లోపలికి పోయింది. కంచం తెచ్చింది. అన్నం, పప్పు, ఇంత మామిడికాయ తొక్కు. ఐలవ్వకు ఎదురుగా కింద పెట్టింది. మంచినీళ్ల చెంబు పక్కన పెట్టింది. అంజి చెప్పులు విడిచి లోపలికి వచ్చి కూర్చున్నాడు. మొదటి ముద్ద నీళ్లతో దించాడు.

“మంచిగ తిను బిడ్డా. పనోళ్లు తినాలె” అని ఐలవ్వ గాలిలో చెయ్యి చాపి, అతని తల దొరికించుకొని నిమిరింది. “నా కొడుకు నిన్ను ఎన్నిసార్లు తలిచేటోడో.”

అతను తింటున్నంతసేపూ దీప తలుపు పట్టుకొని నిలబడింది. ఇంకొంచెం వడ్డించాలా అని అడగలేదు. అంజి కంచంలో ఒక్క మెతుకు వదలకుండా తిని, కంచంలోనే చెయ్యి కడుక్కొని లేచాడు. ఆమె వంగి కంచం తీసుకుంటూ, ముసలమ్మకు వినబడనంత మెల్లగా అంది.

“ఇగ రాకు.”